మెమరీ గురించి ప్రోగ్రామ్ చెప్పే మాట: సలహానా, ఆజ్ఞా?

రుషికొండ కుర్రాడు:
మాది మధురవాడలో చిన్న ఆఫీసు. వేబ్రిడ్జి ఎక్కిన లారీకి ఫోటో తీసి, బరువుతో కలిపి దాచే సాఫ్ట్‌వేర్ చేస్తాం. కాటా దగ్గర పెట్టే డబ్బాలో 2 జీబీ ర్యామ్, స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు డేటాను డిస్క్ మీద దాచే చోటు) లేదు. ఆపరేటర్ అడగగానే చూపించాలని కుదించిన ఫోటోలను విప్పేసి మెమరీలోనే ఉంచుతాం. ఒక జాగాతో ఏం చేయాలో ప్రోగ్రామ్ కెర్నల్‌కి, అంటే లైనక్స్ గుండెకాయకి, చెప్పే పిలుపు ఎంఅడ్వైజ్. మెమరీ చాలడం లేదని పాత ఫోటోలున్న జాగా మీద అందులోని డోంట్‌నీడ్ పెట్టాను. పేరు చూసి "ఇప్పటికి అక్కర్లేదు, ఇరుకైతే పక్కన పెట్టు" అని అర్థం అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే ఆపరేటర్ ఫోన్: "సార్, రాత్రి లారీలన్నీ నల్లగా వస్తున్నాయండి." ఆ పేజీలన్నీ (కెర్నల్ మెమరీని పంచే చిన్న ముక్కలు) సున్నాలే.

తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. కానీ అడ్వైజ్ అని పేరు పెట్టి డేటా తుడిచేయడం ఏం న్యాయం? నా వాదన ఒక్కటే. ప్రోగ్రామ్ చెప్పేది సలహాగానే ఉండాలి. కెర్నల్ విన్నా, వినకపోయినా డేటా మారకూడదు.

ఎంవీపీ మాస్టారు:
బాబూ, మాన్యువల్ పేజీలో ఈ సంగతి స్పష్టంగానే ఉంది. లైనక్స్‌లో ప్రైవేట్ అనానిమస్ మెమరీ (ఏ ఫైలుకూ చెందని సొంత జాగా) మీద డోంట్‌నీడ్ పిలిస్తే పేజీలు అక్కడికక్కడే పోతాయి, మళ్లీ ముట్టుకుంటే సున్నాలు వస్తాయి. పోసిక్స్ (యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రమాణం) వాళ్ల డోంట్‌నీడ్ మాత్రం నువ్వన్నట్టే ఒట్టి సలహా, డేటా మారకూడదు. ఈ రెండూ పొసగవు కనకే గ్లిబ్‌సీ (లైనక్స్‌లో వాడే సీ లైబ్రరీ) తన పోసిక్స్_ఎంఅడ్వైజ్‌లో డోంట్‌నీడ్ వస్తే ఏమీ చేయకుండా ఊరుకుంటుంది. ఒకే పేరుకు రెండు అర్థాలు పెట్టిన పాపం ఇన్నేళ్లయినా వదల్లేదు. అందులో నీ పక్షమే.

కానీ ఒకటి చెప్పు. స్వాప్ లేని డబ్బాలో "డేటా పోకుండా పక్కన పెట్టు" అంటే కెర్నల్ ఎక్కడ పెడుతుంది, తన నెత్తిన పెట్టుకుంటుందా?

సీతమ్మధార సర్వర్లు:
మాకు దీనికి తిరగబడ్డ తలనొప్పి వచ్చింది. 2016లో లైనక్స్ 4.5తో ఎంఅడ్వైజ్‌లో ఫ్రీ అనే సూచన వచ్చింది కదా, "ఇది వదిలేశాను, నీకు అవసరమైనప్పుడు తీసుకో" అని. గో భాష 1.12లో, అంటే 2019లో, దానికి మారారు. ఇరుకు వచ్చేదాకా కెర్నల్ ఆ పేజీలు తీసుకోదు కనక ఆర్‌ఎస్‌ఎస్ అంకె (ప్రాసెస్ చేతిలో ఉన్న ర్యామ్ లెక్క) దిగదు. మా కాపలా స్క్రిప్ట్ ఆ అంకె చూసి మెమరీ లీక్ అనుకుని, బంగారంలా నడుస్తున్న సర్వీసును చంపి మళ్లీ లేపేది. మూడు రోజులు నిద్రల్లేవు. 2021లో 1.16తో గో వాళ్లే మళ్లీ డోంట్‌నీడ్‌కు వెనక్కి వచ్చారు.

అందుకే నేనంటాను: బద్ధకంగా అమలయ్యే సలహా కంటే తక్షణం జరిగే ఆజ్ఞే నయం. జరిగిందో లేదో కళ్లకు కనపడాలి.

ఎంవీపీ మాస్టారు:
అది మీ స్క్రిప్ట్ తప్పు గానీ ఫ్రీ తప్పు కాదండీ. ప్రాసెస్ మెమరీ వివరాలు చూపే స్మ్యాప్స్ ఫైలులో లేజీఫ్రీ అని వేరే లైను ఉంది, దాన్ని తీసేసి లెక్క చూసుకోవచ్చు.

సీతమ్మధార సర్వర్లు:
ఉంది మాస్టారూ, ఎవరు చూస్తారు? ప్రపంచంలో డ్యాష్‌బోర్డులన్నీ ఆర్‌ఎస్‌ఎస్‌నే చూస్తాయి. ఇంటర్‌ఫేస్ రాసేవాడు ఆ సంగతి ముందే లెక్కలోకి తీసుకోవాలి.

గాజువాక గుంటడు:
ఏటండీ, ఇద్దరూ ప్రోగ్రామ్ నిజమే చెబుతుందనుకుని మాట్లాడుతున్నారు! ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి కర్చీఫులు పడతాయి. ప్రతి యాప్ అంతే, "నాది ముఖ్యం, నా సీటు ముట్టకండి". నేను ఫోన్ల మీద పని చేస్తాను. కాస్త ఖాళీ చెయ్యి అని ఆండ్రాయిడ్ ఆన్‌ట్రిమ్‌మెమరీ ద్వారా చెబుతుంది. నేను చూసిన యాప్‌లలో చాలావాటిలో ఆ ఫంక్షన్ ఖాళీగా ఉంటుంది, కొన్నింట్లో అసలుండదు.

ఏ యాప్ తెర మీద ఉందో, ఏది వెనక్కి పోయిందో తెలిసేది యాప్‌కి కాదు, సిస్టమ్‌కి. అందుకే 2019లో లైనక్స్ 5.4లో ఎంఅడ్వైజ్‌కి కోల్డ్, పేజౌట్ అనే సూచనలు వచ్చాయి. మొదటిది "ఇది చల్లారింది, ముందు దీన్ని చూడు" అంటుంది, రెండోది "ఇప్పుడే బయటికి పంపు" అంటుంది. రెంటిలోనూ డేటా పోదు, కుర్రాడు అడిగింది ఇదే. మరుసటి ఏడాది 5.10లో ప్రాసెస్_ఎంఅడ్వైజ్ వచ్చింది. దానితో ఒక ప్రాసెస్ ఇంకో ప్రాసెస్ తరఫున ఆ మాట చెప్పొచ్చు. కండక్టర్ ఉండగా సీట్ల పంచాయితీ ప్రయాణికులకెందుకు?

కంచరపాలెం జావా:
కండక్టర్‌కి సీటు కనిపిస్తుంది గానీ సంచిలో ఏముందో కనిపించదు. మా జావా హీప్‌ని, అంటే ప్రోగ్రామ్ వస్తువులుండే జాగాని, తీసుకోండి. బయటి నుంచి చూస్తే గంట సేపు ఎవరూ ముట్టలేదు, చల్లారినట్టే ఉంటుంది. మీరు ఉత్సాహంగా పేజౌట్ చేస్తారు. అయిదు నిమిషాలకు జీసీ (చెత్త ఏరే గార్బేజ్ కలెక్టర్) లేచి బతికున్న వస్తువులన్నీ ఒక చుట్టు తిరిగి వస్తుంది. పంపినవన్నీ స్వాప్ నుంచి ఒక్కొక్కటిగా వెనక్కి రావాలి. అప్పుడు వచ్చే నత్తనడక చూస్తే మెమరీ మిగిల్చామన్న సంతోషం ఎగిరిపోతుంది. పైగా ఆ హీప్‌లో సగం చెత్తే అయి ఉండొచ్చు. చెత్తను భద్రంగా స్వాప్‌కి మోసుకెళ్లడం ఏమిటి? అది చెత్త అని తెలిసింది జావాను నడిపించే రన్‌టైమ్‌కి ఒక్కదానికే.

గాజువాక గుంటడు:
ఫోన్‌లో వెనక్కి వెళ్లిన యాప్‌ను ఫ్రీజ్ చేసేస్తే జీసీ లేవదు కదా. కానీ సర్వర్ సంగతి వేరు, ఒప్పుకుంటున్నాను. చెత్త మాట కూడా నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు.

సీతమ్మధార సర్వర్లు:
సర్వర్లకైతే కబురు ఎదురు దిక్కున, కెర్నల్ నుంచి ప్రోగ్రామ్‌కి, నడవాలి. లైనక్స్ 4.20 నుంచి పీఎస్‌ఐ అనే కొలత ఉంది. మెమరీ కోసం పనులు ఎంత శాతం సమయం ఆగిపోతున్నాయో చెబుతుంది, గీత దాటితే లేపమని కూడా అడగొచ్చు. అది చూసుకుని మన క్యాష్ మనమే తగ్గించుకుంటాం. ఒక్క చిక్కు, కబురు అందేసరికి మన థ్రెడ్‌కి కదలడానికే మెమరీ ఉండకపోవచ్చు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు ఉంటుంది.

రుషికొండ కుర్రాడు:
ఇదంతా చదివాక తేలిందేమిటంటే నేను అడగాల్సింది వేరే. నా ఫోటోల జేపెగ్‌లు డిస్క్ మీద ఉన్నాయి, విప్పినవి పోయినా మళ్లీ విప్పుకోగలను. కాబట్టి కెర్నల్ తీసుకుంటే తీసుకోనీ. తీసుకున్నాక ఆ మాట నాకు చెబితే చాలు. కర్చీఫ్ తీసేశాక "నీ సీటు పోయింది" అని చెప్పే దిక్కు లైనక్స్‌లో లేదా?

ఎంవీపీ మాస్టారు:
ఇప్పుడు దారిలో పడ్డావు. విండోస్ 8.1 నుంచి ఆఫర్‌వర్చువల్‌మెమరీ, రిక్లెయిమ్‌వర్చువల్‌మెమరీ అనే జంట ఉంది. వెనక్కి తీసుకునేటప్పుడు లోపల సరుకు ఉందో పోయిందో చెబుతుంది. యాపిల్ వాళ్లకు పర్జబుల్ మెమరీ ఉంది. లైనక్స్‌లో వోలటైల్ రేంజెస్ పేరుతో 2012 నుంచి కొన్నేళ్లు ప్యాచ్‌లు తిరిగాయి, లోపలికి మాత్రం రాలేదు. నా మటుకు నాకు అది పెద్ద లోటే.

ఫ్రీతో ఒక ఉపాయం ఉంది. ప్రతి పేజీలో ఒక గుర్తు బైటు సున్నా కానిది పెట్టుకో. మళ్లీ కావాల్సినప్పుడు ఆ బైటును ఒట్టిగా చదవకు. చదివిన మరుక్షణమే కెర్నల్ పేజీ లాక్కోవచ్చు. పోల్చడం, మార్చడం ఒక్క దెబ్బలో చేసే అటామిక్ కంపేర్ అండ్ స్వాప్‌తో దాన్ని వేరే విలువకు మార్చు. రాయడంతో ఆ పేజీని వదిలేసిన మాట రద్దవుతుంది, కనక గుర్తు ఉంటే పేజీ నీదే. సున్నా కనిపిస్తే మళ్లీ విప్పుకో.

కంచరపాలెం జావా:
ఫోటో మధ్యలో 4 కేబీకి ఒక బైటు చొప్పున గుర్తులా! ఇంటర్‌ఫేస్ ఇవ్వక మనుషుల చేత ఇలాంటి గారడీలు చేయిస్తున్నారు.

గాజువాక గుంటడు:
తమ్ముడూ, ఇదంతా ఎందుకు? విప్పిన ఫోటోను ఫైల్‌లో రాసి ఎంమ్యాప్ చేసుకో, అంటే ఆ ఫైలునే మెమరీలా వాడుకో. ఇరుకైతే కెర్నలే పేజీలు వదిలేస్తుంది, కావాలంటే డిస్క్ నుంచి తెస్తుంది. ఏ సలహా అక్కర్లేదు.

రుషికొండ కుర్రాడు:
అదే అనుకున్నాను అన్నా. కానీ ఆ డబ్బాలో ఉన్నది మామూలు ఎస్‌డీ కార్డు. ఒక్కో ఫోటో విప్పితే 6 ఎంబీ. లారీ వచ్చినప్పుడల్లా అంత రాస్తే కార్డు ఎన్నాళ్లు బతుకుతుంది? ప్రస్తుతానికి చివరి ఇరవై ఫోటోలే విప్పి ఉంచుతున్నాను, మిగతావి అడిగితే అప్పుడు విప్పుతున్నాను. ఆపరేటర్ అరక్షణం ఆగాల్సి వస్తోంది. ఇంకా ఫోన్ అయితే రాలేదు.

ఎంవీపీ మాస్టారు:
ఆ డోంట్‌నీడ్ లైను తీసేశావా, కామెంట్‌లో పెట్టావా?

రుషికొండ కుర్రాడు:
కామెంట్‌లో ఉంది మాస్టారూ. ఇప్పుడే తీసేస్తాను.