హిప్నోసిస్‌కి వెళ్ళమన్నారు, అమ్మ వద్దంటోంది. ఎవరైనా చేయించుకున్నారా?

కదిరి అమ్మాయి (మారతహళ్ళి, బెంగళూరు):

నాకు నాలుగేళ్ళుగా ఐబీఎస్, అంటే పేగుల పనితీరు గాడితప్పే జబ్బు. కొలనోస్కోపీ, రక్తపరీక్షలు అన్నీ నార్మల్. అయినా పొద్దున ఆఫీసుకు బయల్దేరే లోపు మూడుసార్లు బాత్రూమ్‌కి పోవాలి. సిల్క్ బోర్డు దాకా బస్సులో కూర్చున్నంతసేపూ ఎక్కడ దిగితే టాయిలెట్ దొరుకుతుందా అనే టెన్షన్. మందులు వాడాను, పాలు మానేశాను, గోధుమలు మానేశాను. పోయిన వారం గ్యాస్ట్రో డాక్టర్ పొట్ట కోసం చేసే హిప్నోథెరపీ చేయించుకోమని ఒక క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికి రాసిచ్చారు.

ఫోన్లో చెప్తే అమ్మ ఏడ్చేసింది. మా వీధిలో ఒకావిడ బజారులో ఎవరో ఇద్దరు పలకరిస్తే మెడలో గొలుసు తనే తీసి ఇచ్చేసింది. "కళ్ళలోకి చూసి వశం చేసుకున్నారు" అని ఇప్పటికీ చెప్తుంది. అలాంటి చోటికి ఒంటరిగా పోతావా అని అమ్మ భయం. మెలకువ రాకపోతే ఎట్లా, లోపలి మాటలన్నీ బయటపెట్టేస్తే ఎట్లా అని నాకూ ఉంది. చేయించుకున్నవాళ్ళు ఉంటే చెప్పండి.

అనంత్ (బీటీఎం లేఅవుట్):

కాలేజీలో స్టేజీ మీద చూశాను. మా క్లాస్‌మేట్ యాపిల్ అనుకుని ఉల్లిపాయ కొరికి తిన్నాడు. మనసు బలహీనంగా ఉన్నవాళ్ళ మీదే అది పనిచేస్తుంది. మీరు ధైర్యంగా ఉద్యోగం చేసుకుంటున్నారు, మీకు పనిచేయదు. డబ్బు దండగ.

నంద్యాల పద్మ (జయనగర్):

అమ్మాయీ, నాకు 52 ఏళ్ళు, బ్యాంకులో పని. పదేళ్ళు నీ జబ్బే పడ్డాను. మూడేళ్ళ కిందట పన్నెండు వారాలు హిప్నోథెరపీకి వెళ్ళాను. ఉన్నది ఉన్నట్టు చెప్తాను.

లోలకం లేదు, కళ్ళలోకి చూడటం లేదు. థెరపిస్టు నన్ను వాలుకుర్చీలో కూర్చోబెట్టి, కళ్ళు మూసుకుని ఊపిరి మీద ధ్యాస పెట్టమంది. భుజాలు వదులు చేయమని మెల్లగా చెప్తూ పోయింది. పక్కింట్లో కుక్కర్ కూస్తే నాలుగు కూతలు లెక్కపెట్టాను. రోడ్డు మీద పూలమ్మి "మల్లిగే, సేవంతిగే" అని అరుచుకుంటూ పోవడం విన్నాను. అన్నీ వినపడుతున్నాయి, లేవబుద్ధి కాలేదు, అంతే. మంచి నవల చదువుతున్నప్పుడు అమ్మ పిలుపు చెవిన పడినా కదలం చూడు, అట్లా.

అది నిద్ర కాదు కాబట్టి మెలకువ రాకపోవడమనే మాటే లేదు. మధ్యలో ఆవిడ లేచి వెళ్ళిపోయినా కాసేపటికి మనమే కళ్ళు తెరుస్తాం. చిక్కంతా ఆ పేరుతో వచ్చింది. మాంచెస్టర్‌లో జేమ్స్ బ్రెయిడ్ అనే సర్జన్ 1843లో రాసిన పుస్తకంతో గ్రీకులో నిద్ర అనే మాట నుంచి పుట్టిన పేరు జనంలోకి వెళ్ళింది. ఇది నిద్ర కాదు, ఒకే ఆలోచన మీద మనసు నిలవడం అని తర్వాత ఆయనే పేరు మార్చాలని చూశాడు. అప్పటికే పాత పేరు పాతుకుపోయింది.

లోపలి మాటలంటావా? మూడో వారం మా అత్తగారితో జరిగిన ఒక సంగతి మనసులోకి వచ్చింది. ఏమనిపిస్తోందని ఆవిడ అడిగింది. చెప్పదలచుకోలేదు, చెప్పలేదు.

ఇక వైద్యం. అరచెయ్యి పొట్ట మీద పెట్టుకుని వెచ్చదనం లోపలికి దిగుతున్నట్టు ఊహించమంది. పేగుల కదలికను పారే నీళ్ళలా చూడు, ఎంత వేగంగా పారాలో నువ్వే చెప్పు అంది. నాకు మా కేసీ కాలువ కళ్ళ ముందుకొచ్చింది. తూము పలక దించితే నీళ్ళు నెమ్మదించడం చిన్నప్పటి నుంచీ చూసిందే. ఆవిడ గొంతు రికార్డు చేసిస్తే రోజూ రాత్రి విన్నాను. ఆ సాధన లేకపోతే ఫలితం లేదని నా నమ్మకం. నాకు పూర్తిగా పోలేదు, ఆడిట్ రోజుల్లో తిరగబెడుతుంది. కానీ మొన్న శ్రీశైలం దాకా బస్సులో వెళ్ళొచ్చాను. పదేళ్ళలో చేయలేని పని.

ఇది గాలిమాట కాదు. అదే మాంచెస్టర్‌లో 1984లో డాక్టర్ పీటర్ వోర్వెల్ బృందం మందులకు లొంగని ఐబీఎస్ ఉన్న 30 మంది మీద పరీక్ష చేసింది. సగం మందికి హిప్నోథెరపీ, మిగతావాళ్ళకు మాటల చికిత్సతో పాటు ఉత్తుత్తి మాత్ర. హిప్నోథెరపీ వాళ్ళకే బాగా ఎక్కువ మేలు జరిగింది.

అనంత్ గారూ, మనసు బలహీనత మాట మాత్రం తప్పండి. 1959లో స్టాన్‌ఫర్డ్‌లో హిప్నోసిస్ ఎవరికెంత పడుతుందో కొలిచే పద్ధతి తయారుచేశారు. కొందరు లోతుగా మునుగుతారు, కొందరికి అసలు పట్టదు, ఎక్కువమంది మధ్యలో ఉంటారు. తెలివితక్కువ వాళ్ళకీ, పిరికివాళ్ళకీ ఎక్కువ పడుతుందనేం లేదు. స్టేజీ మీదికి వెళ్ళేది కూడా ఇష్టపడి చేయెత్తినవాళ్ళే కదా.

మీ వీధి ఆవిడ అబద్ధం చెప్పిందని మాత్రం అమ్మతో అనకు. భయపెట్టి, తొందరపెట్టి, గుక్క తిప్పుకోనీయకుండా మాట్లాడితే ఎవరైనా బోల్తాపడతారు. మోసపోయానని చెప్పుకోవడం కంటే వశం చేసుకున్నారనడం ఆమెకు కాస్త ఊరట. కానీ బజారులో నిమిషంలో కళ్ళలోకి చూసి, ఇష్టం లేని మనిషి చేత గొలుసు ఇప్పించుకునే శక్తి హిప్నోసిస్‌కి లేదు.

సైకాలజీ విద్యార్థి (విల్సన్ గార్డెన్):

నిజాలు కక్కించేస్తారన్న భయం మన ఊళ్ళో నార్కో పరీక్షల వార్తల వల్ల కూడా ఉంది. అది మత్తు ఇంజెక్షన్‌తో చేసేది, ఇది వేరు. దాన్ని కూడా మనిషి ఒప్పుకోకుండా చేయకూడదని 2010లో సెల్వి వర్సెస్ కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అక్కా, నేను నిజంగా భయపడేది మరో విషయానికి. మర్చిపోయిన సంగతులు, గత జన్మలు గుర్తుచేస్తామనే వాళ్ళ దగ్గరికి మాత్రం వెళ్ళకండి. హిప్నోసిస్‌లో జరగనివి కూడా జరిగినట్టే కనిపించొచ్చు, పైగా వాటి మీద నమ్మకం గట్టిగా కుదురుతుంది. మీ సైకాలజిస్ట్‌కి ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసుకోండి.

కదిరి అమ్మాయి:

రిజిస్ట్రేషన్ ఉంది, చూశాను. పద్మక్కా, మీరు రాసిందంతా అమ్మకు ఫోన్లో చదివి వినిపించాను. గొలుసు సంగతి దగ్గర చాలాసేపు మాట్లాడలేదు. శనివారం తనే బస్సెక్కి వస్తానంది. ఆ గదిలో కూర్చోనిస్తారా?

నంద్యాల పద్మ:

ముందే ఫోన్ చేసి అడుగు తల్లీ. నాతో మొదటి వారం మా అక్క కూర్చుంది. గుడిలోలాగా చేతులు కట్టుకుని కూర్చుంది. మధ్యలో నాకు దగ్గొస్తే గ్లాసుతో నీళ్ళిచ్చింది, తాగి మళ్ళీ కళ్ళు మూసుకున్నాను.