నాన్నగారి నడక, షుగర్, మైనస్ 0.6

ప్రశ్న:
నాన్నగారికి షుగర్. సాయంత్రం ఎన్ని నిమిషాలు నడిచారో, మర్నాడు పరగడుపున షుగర్ ఎంతుందో రెండు నెలలుగా నోట్‌బుక్‌లో రాస్తున్నాను. ఎక్సెల్‌లో వేస్తే కోరిలేషన్ మైనస్ 0.6 వచ్చింది. మైనస్ చూసి టెన్షన్ పడ్డాను. నడక 60 శాతం పనిచేస్తోందని అర్థమా? దీన్ని తెలుగులో ఏమంటారు?

జవాబు 1:
మా డిగ్రీ పుస్తకంలో సహసంబంధం అని ఉండేది. మైనస్ అంటే చెడ్డదని కాదు. ఒకటి పెరిగిన రోజున రెండోది తగ్గుతోందని. మీకు కావలసింది అదే కదా.

జవాబు 2:
పాతికేళ్లుగా స్టాటిస్టిక్స్ పాఠం చెబుతున్నాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు దీన్ని శాతంగానే చదువుతారు. శాతం కాదండీ. మైనస్ 1 నుంచి ప్లస్ 1 దాకా ఉండే కొలత. గ్రాఫు మీద చుక్కలు ఒక తిన్నని గీతకు ఎంత దగ్గరగా ఉన్నాయో చెబుతుంది, అంతే. పది నిమిషాలు ఎక్కువ నడిస్తే షుగర్ ఎంత తగ్గుతుందో ఇందులో ఉండదు, దానికి రిగ్రెషన్ అనే వేరే లెక్క వేయాలి.

1888లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ ఈ కొలతను ప్రతిపాదించింది మనుషుల శరీర కొలతల మీద. ఎత్తైనవాళ్లకు ముంజేయి కూడా పొడవు. కానీ ముంజేయి వల్ల ఎత్తు రాలేదు, రెండూ ఒకే ఒంటి ఎదుగుదల. మీ నోట్‌బుక్‌లో వాన పడ్డ సాయంత్రాలు వెతకండి. ఆ రోజు నడక ఉండదు. ఇంట్లో మిరపకాయ బజ్జీలు వేసే ఉంటారు. మర్నాడు షుగర్ పెరిగింది నడక ఆగినందుకా, బజ్జీలకా? మైనస్ 0.6 ఆ సంగతి చెప్పలేదు.

ఈ అంకె చూసి మందు మాత్రం తగ్గించకండి. మా అన్నయ్య విషయంలో నేను తొందరపడ్డాను, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ప్రశ్న అడిగినవారు:
చూశానండీ. 57 రోజుల్లో వాన రోజులు 11. అవి తీసేస్తే మైనస్ 0.35కి వచ్చింది. అమ్మను అడిగితే, బజ్జీలో పకోడీలో లేని వాన సాయంత్రాలు రెండే అంది. నడక ఆపనని నాన్నగారు అన్నారు. రేపటి నుంచి తిన్నది కూడా మూడో గడిలో రాస్తాను.