ఆదివారం వండి ఫ్రీజర్లో పెట్టుకుంటే వారమంతా గడుస్తుందా? మా ఇంటికి కుదురుతుందా?

వేదాయపాళెం టీచరు
అందరికీ నమస్కారం. నాకు పొద్దున ఏడున్నరకి బస్సు. ఆయనకి కృష్ణపట్నంలో షిఫ్టులు. ఇద్దరు పిల్లలు, అత్తయ్య. ఆదివారమే కూరలు, పప్పు, సాంబార్ చేసి డబ్బాల్లో గడ్డకట్టించి పెట్టుకుంటే ఎట్టా ఉంటుందని ఆలోచన. మాది సింగిల్ డోర్ ఫ్రిజ్, 190 లీటర్లు. ఏవి నిలవుంటాయి? విడిగా డీప్ ఫ్రీజర్ కొనాలా? కరెంటు బిల్లు ఎంత పెరుగుతుంది? అత్తయ్య చద్ది ముట్టరు, ఆవిణ్ణి ఎట్టా ఒప్పించాలి? మొన్న రెండు డబ్బాల చేపల పులుసు పెట్టాను. ఒకటి తిన్నాం, బాగానే ఉన్నట్టనిపించింది.

కావలి కోడలు
కొనొద్దక్కా. నేను కొన్నాను. ఇప్పుడది వరండాలో ఉంది, దాని మీద మా మామగారు పేపర్లు పెట్టుకుంటారు. మొదటి నెల బలే ఉత్సాహంగా చేశాను. ఆదివారం ఆరింటికి పొయ్యి వెలిగిస్తే మధ్యాహ్నం మూడైంది, సింకు నిండా అంట్లు. వారంలో రోజుకో గంట మిగిలిన మాట నిజమే. కానీ నాకున్న ఒక్క సెలవూ వంటింట్లోనే పోయింది. మిగిలిన ఆ గంటలో ఏం చేశానంటారా, డబ్బాలు కడిగాను.

బొమ్మిడాయి
ఏందమ్మా, చేపల పులుసు ఫ్రీజర్లోనా? నెల్లూరులో ఉండి? పులుసు రాత్రి కాచి, మట్టి దాకలో మూతపెట్టి, పొద్దున తినాలి. మామిడికాయ పులుపు ముక్కకి పట్టేది అప్పుడే. ఫ్రీజర్లో పెడితే ముక్క పీచవుతుంది, మామిడికాయ గుజ్జవుతుంది. మీకు బాగున్నట్టు ‘అనిపించింది’ అన్నారు చూడండి, అక్కడే తెలిసిపోయింది.

ఒంగోలు గిత్త
మే నెలలో కూడా రాత్రంతా బయటే పెడతారా? వండింది రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు, 32 డిగ్రీలు దాటిన ఎండాకాలంలో అయితే గంటే. మా ఇంట్లో కొరమీను పులుసు నెల రోజులు ఫ్రీజర్లో ఉంచాం, ముక్క చెదరలేదు. ముందు రోజు రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి దించి, పొద్దున తెర్లేదాకా కాచాలి, అంతే. కాదంటే చెప్పండి.

బొమ్మిడాయి
కాదంటాను. మా నాయనమ్మ 88 ఏళ్లు బతికింది, దాకలోని పులుసు తినే బతికింది. చింతపండు పులుపే కాపాడుతుంది. ఒంగోలు వాళ్లకి ఎద్దుల గురించి తెలుస్తుంది గానీ పులుసు గురించి ఏం తెలుసు?

ఒంగోలు గిత్త
కొత్తపట్నం సముద్రం మా పక్కనే ఉంది. చేపలు మీ పెన్నాలోనే పుడతాయా? అయినా మీ నాయనమ్మ కాలంలో చేప ఒడ్డు నుంచి నేరుగా ఇంటికొచ్చేది. ఇప్పుడు మీరు కొనే చేప ఐసు పెట్టెలో ఎన్నాళ్లు పడుకుని వచ్చిందో మీకు తెలుసా?

గరిటె మాస్టర్
ఇద్దరూ తప్పే. నేను 22 ఏళ్లు హోటల్ లైన్లో ఉన్నవాణ్ణి. ముక్క పీచయ్యేది చలికి కాదు, నెమ్మదిగా గడ్డకట్టినందుకు. నీరు నిదానంగా గడ్డకడితే మంచు పలుకులు పెద్దవై కండని చీలుస్తాయి, కరిగేటప్పుడు రసమంతా కారిపోతుంది. మా దగ్గర బ్లాస్ట్ చిల్లర్ ఉండేది, వేడి కూర గంటన్నరలో చల్లబడేది. మైనస్ 18 ఉంటే ఏదైనా పెట్టుకోవచ్చు. బంగాళాదుంప, గుడ్డు, పెరుగు వేసినవి, అన్నీ పెట్టాం.

కందుకూరు
మాస్టరు గారూ, బంగాళాదుంపా? మా కుర్మా కరిగాక ఇసక నమిలినట్టుంది. కోడిగుడ్డు పులుసులో తెల్లసొన రబ్బరు. మజ్జిగ పులుసయితే విరిగి నీళ్లొకవైపు, తరకలొకవైపు. సాంబార్, ముద్దపప్పు, చికెన్ కూర మాత్రం బాగున్నాయి.

గరిటె మాస్టర్
మీరు చేయడం సరిగా చేయలేదు.

కందుకూరు
సరిగా ఎట్టా చేయాలో చెప్పండి మరి.

గరిటె మాస్టర్
అది వృత్తి రహస్యం.

గూడూరు నిమ్మ
మన నెల్లూరు జిల్లా వాళ్లకి నా సలహా. నిమ్మకాయలు చవగ్గా ఉన్నప్పుడు రసం తీసి ఐస్ ట్రేలో పోసి పెట్టుకోండి. పులిహోరకి రెండు గడ్డలు వేస్తే సరి.

ఒంగోలు గిత్త
గూడూరుని 2022లో తిరుపతి జిల్లాలో కలిపారు కదండీ.

గూడూరు నిమ్మ
కాగితాల మీద. ఎవరన్నా ఏ ఊరని అడిగితే నెల్లూరనే చెప్తాను.

కందుకూరు
మమ్మల్ని అదే ఏడు ప్రకాశం నుంచి తీసి నెల్లూరులో కలిపారు. పులుసు విషయంలో నేను ఎవరి వైపు ఉండాలో తేల్చండి.

సింగరాయకొండ తాత
పిల్లలూ, అసలు సంగతి కరెంటు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫానప్పుడు మా వీధికి రెండు రోజులు కరెంటు లేదు. నిండుగా ఉన్న ఫ్రీజరు తలుపు తీయకుండా ఉంటే 48 గంటలు చల్లదనం నిలుస్తుంది, సగమే ఉంటే 24. మా మనవడు గంటకోసారి తీసి కరిగిందా అని చూశాడు. కరిగింది. అన్నీ గుంట తీసి పూడ్చాం. అప్పటినుంచి గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి పైన రూపాయి బిళ్ల పెట్టి లోపల ఉంచుతాను. ఊరెళ్లి వచ్చాక బిళ్ల అడుగున కనిపిస్తే మనం లేనప్పుడు కరిగి మళ్లీ గట్టిపడిందని అర్థం. చూడటానికి గడ్డగానే ఉంటుంది, నమ్మకూడదు. చలికి క్రిములు చావవు, నిద్రపోతాయంతే.

ఇంకో మాట. సింగిల్ డోర్లో పై గది ఐసుకీ, పాల ప్యాకెట్లకీ. లోపల మంచు పేరుకున్నప్పుడల్లా డీఫ్రాస్ట్ బటన్ నొక్కాలి కదా, అప్పుడు నీ వారం రోజుల కూరలు ఎక్కడ పెడతావమ్మా?

అత్తగారి తరఫు
నేనూ ఒక అత్తనే. నన్ను ‘ఒప్పించడం’ ఎందుకు? నాకు చారు, ఒక వేపుడు చాలు, అరగంటలో నేనే చేసుకుంటాను. పొయ్యి ఖాళీగా ఉంచండి, నా పోపుడబ్బా ఎక్కడో దాచకండి. ఆ డబ్బాలు మీరు తినండి, నేనేమైనా అడ్డమా?

కందుకూరు
మా అమ్మ కూడా చద్ది ముట్టదు. పొద్దున్నే చద్దన్నంలో మజ్జిగ పోసుకుని ఉల్లిపాయ కొరుక్కుంటూ చెప్తుంది ఆ మాట.

అత్తగారి తరఫు
చద్దన్నం వేరు, చద్ది కూర వేరు. తెలియకపోతే మీ అమ్మనే అడగండి, వెక్కిరించకండి.

కావలి కోడలు
చేప ముక్క గురించి ఇంతమంది మగవాళ్లు కొట్లాడుకున్నారు. ఆదివారం వాళ్లాయన ఏం చేస్తాడని ఒక్కరన్నా అడిగారా?

బొమ్మిడాయి
నేను ఆడదాన్నే తల్లీ. ముగ్గురు పిల్లలు. పులుసు మా ఆయన కాస్తాడు.

గరిటె మాస్టర్
దాకలో రాత్రంతా పెట్టేది ఆయనా, మీరా?

బొమ్మిడాయి
మీ రహస్యం ముందు చెప్పండి, తర్వాత నా సంగతి.

వేదాయపాళెం టీచరు
మూడు వారాలు చూసి రాస్తున్నాను. మొదటి వారం గాజు సీసా నిండా సాంబార్ పోసి పెట్టాను. గడ్డకట్టి ఉబ్బి పగిలింది, అంచు దాకా పోయకూడదని అప్పుడు తెలిసింది. తాత గారన్న డీఫ్రాస్ట్ సంగతి కూడా నిజమే. అందుకని వండిన కూరలు మానేశాను. చింతపండు గుజ్జు, అల్లం వెల్లుల్లి, కొబ్బరి తురుము, వేయించిన ఉల్లి టమాటా మసాలా, ఇవే చిన్న చిన్న డబ్బాల్లో. పొద్దున కూర ఇరవై నిమిషాల్లో అవుతోంది. పప్పు మటుకు రాత్రే చేసి కింది అరలో పెడుతున్నా.

తాజాగా పోపు పెడితే అత్తయ్యకి అది చద్ది కాదట. నేను వాదించలేదు. డీప్ ఫ్రీజర్ కొనడం లేదు. ఆయన రెండు ఆదివారాలు ఉల్లిపాయలు తరిగారు, మూడో ఆదివారం డ్యూటీ వేయించుకున్నారు. కరెంటు బిల్లు గురించి మాత్రం ఒక్కరూ చెప్పలేదు.

ఒంగోలు గిత్త
ఆ రెండో పులుసు డబ్బా ఏమైంది?

వేదాయపాళెం టీచరు
డీఫ్రాస్ట్ రోజున కరిగి, మళ్లీ గడ్డకట్టింది. పారబోయాలంటే చేతులు రాక అట్టాగే ఉంచాను.

బొమ్మిడాయి
పారబోయండి. ఈ ఒక్కసారికి గిత్త గారి మాటా నా మాటా ఒకటే.