వింత కార్లలో ఏది నిజంగా గొప్పది, ఏది ఉత్త ఆర్భాటం?

గేర్‌పిచ్చి:
అందరూ ఫెరారీల గురించే మాట్లాడతారు, నాకేమో చూడగానే "ఎవడ్రా దీన్ని గీసింది" అనిపించే కార్లంటేనే ఇష్టం. బీఎండబ్ల్యూ ఇసెట్టా చూడండి, పక్కన తలుపే లేదు, మూతే తలుపు. ఫ్రిజ్ తీసినట్టు ముందుభాగం మొత్తం తెరవాలి, స్టీరింగ్ కూడా దాంతోపాటే పక్కకి జరుగుతుంది. గోడకి మరీ ఆనించి ఆపితే పైనున్న బట్ట రూఫ్‌లోంచి ఎక్కి బయటపడాలి. పీల్ పీ50 ఇంకో రకం: 49 సీసీ ఇంజిన్, మూడు చక్రాలు, ఒక్కడే మనిషి, రివర్స్ గేర్ లేదు. దిగి, వెనకున్న హ్యాండిల్ పట్టుకుని బండిని మనమే తిప్పుకోవాలి. మీరైతే దేనికి దండం పెడతారు, దేన్ని చూసి పారిపోతారు? మామూలు కార్ల వాళ్లూ రండి, తిట్టను.

పాతడీజిల్:
అందరూ తిట్టే ఫియాట్ మల్టిప్లాకే నా ఓటు, అదీ 1998లో వచ్చిన మొదటి రూపానికి. అద్దం కింద ఆ మడతేంటి, అందులో ఇంకో జత లైట్లేంటి అంటారు. లోపల కూర్చున్నవాడికి అది కనపడదుగా! నాలుగు మీటర్ల లోపు పొడవులో ముందు ముగ్గురు, వెనక ముగ్గురు హాయిగా పడతారు. మూడో వరుసలో మోకాళ్లు గడ్డానికి తగిలే ఏడు సీట్ల బండ్ల కంటే వెయ్యి రెట్లు నయం. తర్వాత ఫేస్‌లిఫ్ట్ పేరుతో ఆ మడత తీసేశారు, కారేం బాగుపడలేదు, ఊరికే మామూలైపోయింది.

బోర్‌కారే_ముద్దు:
స్పేర్ పార్ట్ దొరకనప్పుడు తెలుస్తుంది మీ సరదా. కొరొల్లా 1966 నుంచి వస్తోంది, 5 కోట్లకు పైగా అమ్ముడైంది. దాని గురించి చెప్పుకోవడానికి ఒక్క కథ కూడా ఉండదు. నాకు కావల్సింది అదే, టెన్షన్ ఉద్యోగంలో సరిపడా ఉంది.

గేర్‌పిచ్చి:
ఒప్పుకుంటా. కాకపోతే పెద్ద పార్కింగ్‌లో మీ కారేదో మీకే తెలీదు.

మూడోగేర్:
సిట్రొయెన్ డీఎస్‌ని ఎవరూ తలచుకోలేదేంటండీ? 1955 నాటి బండి, స్టార్ట్ చేస్తే సస్పెన్షన్ పొంగి తనే పైకి లేస్తుంది. బ్రేక్ పెడల్ ఉండాల్సిన చోట చిన్న రబ్బరు బటన్, అలవాటు లేనివాడు గట్టిగా తొక్కాడో ముక్కు అద్దానికి కొట్టుకోవాల్సిందే. ఇంత వింత ఉన్నా ప్రతిదానికీ ఓ కారణం ఉంది. నేను పారిపోయేది ఈమధ్య వచ్చే కొన్ని ఎస్‌యూవీలను చూసి. వెనక బంపర్‌కి రెండు క్రోమ్ సైలెన్సర్ మూతులు మెరుస్తుంటాయి, వేలు పెడితే లోపల ప్లాస్టిక్ గోడ తగులుతుంది, అసలు గొట్టం కిందెక్కడో నక్కి ఉంటుంది. ఎవర్ని మోసం చేద్దామని?

పాతడీజిల్:
పక్కింటివాణ్ని 😄

నీళ్లబండి:
ఆంఫికార్ సంగతేంటి మరి? 1961లో వచ్చిన జర్మన్ కారు, నీళ్లలోనూ పోతుంది. దానికి చుక్కాని ఉండదు, ముందు చక్రాలు తిప్పితేనే మలుపు. కారుగా అంతంతమాత్రం, పడవగా ఇంకా అంతంతమాత్రం, అయినా ఇస్తే వద్దనను. కాకపోతే నీళ్లలోకి దిగేముందు తలుపులకి రెండో లాక్ బిగించాలి, అది మర్చిపోయే రకాన్ని మాత్రం పక్కన కూర్చోబెట్టుకోను.