బావమరిది 300 హెచ్‌పీ, నాది స్పార్క్ 90: రేస్ లో ఎక్కడ పోతోంది నాకు?

లేక్_బావ

అందరికీ నమస్తే. మేము డాలస్ దగ్గర ఉంటాం, వీకెండ్ వస్తే లూయిస్‌విల్ లేక్ కి పోతాం. నా దగ్గర సీడూ స్పార్క్ జెట్ స్కీ ఉంది, 90 హెచ్‌పీ ది, సెకండ్ హ్యాండ్ లో కొన్నా, రెండేళ్ళుగా నా ప్రాణం అదే. ఇప్పుడు మా బావమరిది ఏకంగా ఆర్‌ఎక్స్‌పీ-ఎక్స్ 300 (అదీ సీడూ జెట్ స్కీనే) దింపాడు. కొన్న మొదటి వారమే "బావా ఒక రౌండ్ వేద్దామా" అన్నాడు, నేను కూడా పౌరుషానికి పోయి సరే అన్నా, ఇంక చూస్కోండి. స్ట్రెయిట్ లో వాడు వెళ్ళిపోయాడు, వాడి వెనక లేచిన నీళ్ళు తప్ప నాకేం కనపడలా. మా ఆవిడ ఒడ్డున కూర్చుని వీడియో తీసి ఫ్యామిలీ గ్రూప్ లో పెట్టింది, తమ్ముడు గెలిచాడని ఆవిడకి అదో ఆనందం.

కానీ విచిత్రం ఏంటంటే, తర్వాత మూడు ఫ్లోట్లు నీళ్ళలో వేసి వాటి చుట్టూ తిరిగాం, అక్కడ మాత్రం మొదటి రౌండ్ నేనే ముందున్నా, రెండో రౌండ్ లో కూడా వాడు పక్కనే ఉన్నాడు తప్ప దాటలేకపోయాడు. మూడోసారి దాటాడు లెండి.

నా డౌట్లు ఇవి. ఈసీయూ (ఇంజన్ ని నడిపే కంప్యూటర్) ట్యూన్ చేయించి ఇంపెల్లర్ (పంప్ లో నీళ్ళు నెట్టే రెక్కల చక్రం) మారిస్తే వాడికి దగ్గరగా వెళ్ళగలనా, లేక ఆ డబ్బు దాచుకుని ఇది అమ్మేసి నేను కూడా పెద్దది కొనాలా? ఇంకోటి, ఈ మధ్య ఫుల్ థ్రాటిల్ లో ఆర్‌పీఎమ్ 8000 దాకా చూపిస్తోంది గానీ స్పీడ్ 44 మైళ్ళ దగ్గరే ఆగిపోతోంది, కొన్న కొత్తలో 49 వచ్చేది. నా బరువు 94 కిలోలు, పెరగలేదు, ప్రామిస్.

---

పంప్_డాక్టర్

అన్నా ముందు ఆ ఆఖరి లైన్ సంగతి చూడు, రేస్ సంగతి తర్వాత. ఇంజన్ 8000 తిరుగుతూ బండి 44 దగ్గర ఆగిందంటే ఇంజన్ లో ఏం ప్రాబ్లం లేదు, పంప్ లో నీళ్ళు జారిపోతున్నాయి. ఇంపెల్లర్ చుట్టూ వేర్ రింగ్ అని ఉంటుంది కదా, దానికీ రెక్కల అంచులకీ మధ్య సందు చాలా సన్నగా ఉండాలి. ఇసకో గులకరాళ్ళో లాగేసిందనుకో, రింగ్ గీసుకుపోయి సందు పెరుగుతుంది, నీళ్ళు వెనక్కి నెట్టాల్సింది పోయి పక్కనుంచి లీకవుతాయి, బుడగలు కట్టి కావిటేషన్ అవుతుంది. చప్పుడు బ్రహ్మాండంగా ఉంటుంది, తోపు మాత్రం ఉండదు. నిజం చెప్పు, ఒడ్డున మోకాలి లోతు కూడా లేని చోట స్టార్ట్ చేస్తున్నావా లేదా?

బండి ట్రైలర్ మీద ఉన్నప్పుడు, ల్యాన్‌యార్డ్ (మనిషి పడితే ఇంజన్ ఆపేసే తాడు) పీకేసి, అడుగున నీళ్ళు లాగే జాలీ లోంచి టార్చి వేసి చూడు, రింగ్ మీద గాట్లు కనపడితే మార్చెయ్. ఇంపెల్లర్ అంచులు వంగాయేమో కూడా చూడు. రింగ్ ఖర్చు నువ్వు అనుకుంటున్న ట్యూన్ ఖర్చుతో పోలిస్తే ఏపాటిది. ఇది సరిచెయ్యకుండా ట్యూన్ చేయించడం అంటే చిల్లు కుండలో నీళ్ళు పోసినట్టే.

ఇంక పెద్ద ప్రశ్న. స్పార్క్ లో ఉన్నది 899 సీసీ మూడు సిలిండర్ల రోటాక్స్ ఇంజన్, 60 హెచ్‌పీ వెర్షన్ లో ఉన్నదీ అదే ఇంజనే, తేడా అంతా ట్యూనింగ్ లోనే. మీ బావమరిదిది 1630 సీసీ, సూపర్‌చార్జర్ (ఇంజన్ లోకి గాలి బలంగా కొట్టేది), ఇంటర్‌కూలర్ (ఆ గాలిని చల్లబరిచేది), 300 గుర్రాలు. బరువులు చూడు, నీది దగ్గర దగ్గర 190 కిలోలు, వాడిది 350 కిలోల చిల్లర. నీ 94 కిలోలు కలిపితే నీ బండి 284 కిలోలని 90 హెచ్‌పీ తో లాగుతోంది, అంటే ఒక్కో గుర్రం మీద మూడు కిలోల పైనే. వాడు ఒక 80 కిలోలు ఉన్నాడనుకున్నా ఒక్కో గుర్రానికి కిలోన్నర కూడా పడదు. ఇంపెల్లర్ మార్చినంత మాత్రాన ఈ లెక్క మారదు.

అయితే 300 ని 90 తో భాగిస్తే మూడింతలు కదా, స్పీడ్ కూడా మూడింతలు రావాలి కదా అని కొందరు అడుగుతుంటారు. రాదు. నీళ్ళలో స్పీడ్ పెరిగేకొద్దీ దానికి కావాల్సిన పవర్ దాదాపు స్పీడ్ క్యూబ్ లెక్కన పెరుగుతుంది. మూడింతల పైచిలుకు పవర్ కి నికరంగా వచ్చేది ఒకటిన్నర రెట్ల స్పీడే. నీ బండి 50 మైళ్ళు అనుకుంటే లెక్క ప్రకారం వాడిది 75 దాకా పోవాలి, కానీ అమెరికాలో కోస్ట్ గార్డ్ తో కంపెనీలకున్న ఒప్పందం వల్ల షోరూమ్ బండ్లు సుమారు 67 దగ్గర కట్టేస్తారు. అందుకే టాప్ స్పీడ్ లో తేడా 17 మైళ్ళే. అసలు దెబ్బ యాక్సిలరేషన్ లో కొడతాడు వాడు, సున్నా నుంచి 60 కి నాలుగు సెకన్లు చాలు, నీ బండి అసలు 60 చూడనే చూడదు.

400 మీటర్ల స్ట్రెయిట్ తీసుకో. నీ టాప్ స్పీడ్ సెకనుకి 22 మీటర్లు, వాడిది 30. ఇద్దరూ పరుగు మీదుండగా మొదలెట్టినా నీకు 18 సెకన్లు, వాడికి 13. ఐదు సెకన్లంటే నీళ్ళ మీద వంద మీటర్ల పైన. వీడియోలో నువ్వు చిన్న చుక్కలా కనపడ్డావంటే తప్పు నీది కాదు.

ఫ్లోట్ల చుట్టూ తిరిగినప్పుడు వాడికి ఆ 30 ఎప్పుడూ రాలేదు, ఎందుకంటే అందుకునేలోపే ఇంకో మలుపు వచ్చేసింది. అది నీ బలం. నీ బండి తేలిక, ఆపడం, తిప్పడం, మళ్ళీ లేపడం అన్నీ సుళువు, పైగా నువ్వు దాన్ని రెండేళ్ళుగా నడుపుతున్నావు. వాడు కొని వారమే అయింది.

---

హవాసూ_ఎండ

డాక్టర్ అన్న లెక్క కరెక్టే గానీ నేనొకటి చెప్త. మేము ఫీనిక్స్ ల ఉంటం, అక్టోబర్ ల లేక్ హవాసూ దగ్గర ఐజేఎస్‌బీఏ వరల్డ్ ఫైనల్స్ (జెట్ స్కీల ప్రపంచ పోటీలు) అయితయి కదా, నేను రెండుసార్లు పోయి చూసిన. అక్కడ ఎవ్వరు గూడ స్పార్క్ ని తీస్కపోయి 300 పక్కన నిలబెట్టరు. స్పార్క్ లకి వేరే క్లాస్, సూపర్‌చార్జ్డ్ రనబౌట్లకి (కూసోని నడిపేటివి) వేరే క్లాస్, నిలబడి నడిపే స్కీ లకి వేరే. అందరు ఒకే రకం బండి మీద ఉంటేనే నడిపేటోడు ఎట్లాంటోడో తెలుస్తది. నువ్వు మీ బావమరిది తోని పోటీ పడుడు అంటే ఆటో తోని ఆడీ మీదికి పోయినట్టు ఉంటది అన్నా, ఏమనుకోకు.

కానీ నీ ప్రశ్నల అసలు విషయం మలుపు కాడ ఉన్నది. క్లోజ్డ్ కోర్స్ ల ఎర్ర బుయ్ (నీళ్ళ మీద తేలే గుర్తు) వస్తే ఎడమకి, పసుపుది వస్తే కుడికి తిరగాలె, ఒక్కో ల్యాప్ ల ఎన్నో మలుపులు. ఆ పెద్ద బండ్లు నడిపేటోళ్ళు మలుపు కాడ ఏం చేస్తరో చూస్తే మతి పోతది. బుయ్ కి కొంచెం ముందుగాల థ్రాటిల్ తగ్గిస్తరు, ముక్కు కిందికి దిగుతది, హల్ (బండి అడుగు) అంచు నీళ్ళల్ల కరుస్తది, అప్పుడు లోపలి వైపుకి ఒరిగి మళ్ళ గట్టిగ థ్రాటిల్ ఇస్తరు. మొత్తం బరువు కాళ్ళ మీదనే. ఆర్‌ఎక్స్‌పీ-ఎక్స్ ల సీటు గూడ మోకాళ్ళతోని గట్టిగ పట్టుకునేటట్టే చేసిండ్రు, ఎందుకంటే ఆ స్పీడ్ ల తిరిగితే చేతులతోని ఆగరు, ఎగిరి పడ్తరు. 2021 ల హల్ గూడ మార్చిండ్రు, మలుపుల ఇంకా గట్టిగ కరుస్తది అది. మీ బావమరిది ఇంక దాన్ని వాడుడు నేర్చుకోలే గంతే, ఒక్క సీజన్ ఆగు, ఫ్లోట్ల కాడ గూడ దొరకడు నీకు.

ఇంకోటి, చానా మంది కొత్తోళ్ళు చేసే తప్పు. మలుపు ల భయమై థ్రాటిల్ మొత్తం వదిలేస్తరు. జెట్ బండికి చుక్కాని లేదు అన్నా, వెనకకి కొట్టే నీళ్ళే దాని స్టీరింగ్. థ్రాటిల్ వదిలితే హ్యాండిల్ ఎంత తిప్పినా బండి సీదా పోతది. ఇప్పటి బండ్లల్ల దీనికి కొంత ఏర్పాటు ఉంటది గానీ దాని మీద భరోసా పెట్టుకోకు. 300 మీద గంటకి 60 మైళ్ళ కాడ ఈ తప్పు చేస్తే నవ్వే ముచ్చట కాదు.

---

సందు_సీను

ఐదు సెకన్ల తేడాకి అంత డబ్బు తేడానా?? నేనైతే స్పార్క్ తోనే తిరుగుతా, బావమరిది చేత పెట్రోల్ పోయిస్తా. 300 ని ఫుల్ థ్రాటిల్ లో కొడితే 70 లీటర్ల ట్యాంక్ గంట కూడా రాదు, పైగా దానికి ప్రీమియం పోయాలి.

---

రుషికొండ_అలలు

నమస్తే అండి, నేను వైజాగ్ నుంచి, ఇక్కడ బీచ్ లో వాటర్ స్పోర్ట్స్ లో కొన్నేళ్ళు పనిచేశాను. మీరంతా లేక్ గురించి మాట్లాడుతున్నారు, సముద్రం సంగతి కూడా ఒకటి చెప్దామని. చదునైన నీళ్ళలో తేలిక బండి హాయిగా ఉంటుంది, అదే అల లేచిందనుకోండి కథ మారిపోతుంది. చిన్న బండి అల మీద అలా ఎగిరి ఇలా పడుతుంది, పడ్డ ప్రతిసారీ పంప్ గాలి మింగేస్తుంది, తోపు పోతుంది, మళ్ళీ లేవాలి. నడుము సంగతి అడక్కండి. పెద్ద బండి అడుగు లోతైన వీ ఆకారంలో ఉంటుంది, బరువు కూడా ఉంది కాబట్టి అలని కోసుకుంటూ పోతుంది. కాబట్టి అలల్లో స్పార్క్ కి 300 కి మధ్య తేడా, పైన డాక్టర్ గారు వేసిన ఐదు సెకన్ల కంటే చాలా ఎక్కువే ఉంటుంది. గాలి ఉన్న రోజు మీ లేక్ లో కూడా చూడండి, తెలుస్తుంది.

మెయింటెనెన్స్ ముక్క ఒకటి. సీడూ వాటిలో ఇంజన్ చల్లబరచడానికి లోపలే కూలెంట్ తిరుగుతుంది, యమహా, కవాసాకీ వాటిలో బయటి నీళ్ళే ఇంజన్ లోకి వెళ్ళి వస్తాయి, ఉప్పునీళ్ళయితే వాటిని మరీ జాగ్రత్తగా కడగాలి. సీడూ అయినా ఎగ్జాస్ట్ లోకి నీళ్ళు పోతాయి కాబట్టి వదిలెయ్యకూడదు. కడిగేటప్పుడు ముందు ఇంజన్ స్టార్ట్ చేసి తర్వాత నీళ్ళ పైపు తిప్పాలి, ఆపేటప్పుడు ముందు నీళ్ళు కట్టేసి తర్వాత ఇంజన్ ఆపాలి. మా కుర్రోడొకడు దీన్ని తిరగేసి చేసి ఇంజన్ లోకి నీళ్ళు పంపించేశాడు, ఆ సీజన్ అంతా ఆ బండి షెడ్ లోనే ఉంది.

అన్నట్టు 2018 నవంబర్ లో కృష్ణలో ఫార్ములా వన్ పవర్‌బోట్ రేస్ పెట్టారు కదా, నేను విజయవాడ వెళ్ళి చూశాను. అవి జెట్ స్కీలు కాదనుకోండి, అయినా అక్కడ కూడా చూసేవాళ్ళంతా స్ట్రెయిట్ దగ్గర కాదు, బుయ్ మలుపు కనపడే చోట ఎగబడ్డారు.

---

పంప్_డాక్టర్

@లేక్_బావ ఒక పని చెయ్. ఈసారి బండ్లు మార్చుకోండి. వాడు నీ స్పార్క్ మీద, నువ్వు వాడి 300 మీద, అదే మూడు ఫ్లోట్లు, ఫోన్ లో స్టాప్‌వాచ్. అప్పుడు తెలుస్తుంది తేడా బండిదా, మనిషిదా. పొద్దున్నే జనం లేనప్పుడు చెయ్యండి, టెక్సస్ లో మెల్లగా పోతుంటే తప్ప వేరే బోట్ కి 50 అడుగుల లోపలికి వెళ్ళకూడదు, ల్యాన్‌యార్డ్ చేతికో జాకెట్ కో ఉండాల్సిందే. సూర్యాస్తమయం తర్వాత అసలు వద్దు, అది కూడా రూలే. బావమరిది 1993 సెప్టెంబర్ 1 న గానీ ఆ తర్వాత గానీ పుట్టి ఉంటే బోటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ కూడా కావాలి, అడుగు వాడిని.

---

లేక్_బావ

అప్‌డేట్ ఇస్తున్నా, లేట్ అయినందుకు సారీ. ముందుగా, డాక్టర్ అన్నా నువ్వు దేవుడివి, రింగ్ నిండా గాట్లే. ఒడ్డున స్టార్ట్ చేసింది నేనే, ఒప్పుకుంటున్నా. రింగ్ మార్చా, ఇంపెల్లర్ అంచు ఒకటి కొంచెం వంగితే సరిచేయించా, 49 తిరిగి వచ్చింది. ట్యూన్ ఆలోచన పక్కన పెట్టేశా.

శనివారం పొద్దున ఆరున్నరకే వెళ్ళి బండ్లు మార్చుకున్నాం. స్ట్రెయిట్ లో నేను గెలిచా, అందులో గొప్పేముంది, చూపుడువేలితో నొక్కితే చాలు అది పోతుంది. నవ్వకండి గానీ ఫ్లోట్ల దగ్గర కథ వేరు. నేను నా స్పార్క్ మీద మూడు రౌండ్లు 1 నిమిషం 52 సెకన్లలో తిరిగా. అదే నేను 300 మీద 2 నిమిషాల 3 సెకన్లు!! ప్రతి మలుపు ముందు చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేస్తోంది, సగం థ్రాటిల్ దాటి నొక్కితే గుండె జారుతోంది. హవాసూ అన్న చెప్పిన తప్పు కూడా ఒకసారి చేశా, మొత్తం వదిలేశా, బండి తిన్నగా ఫ్లోట్ మీదకే పోయింది. బావమరిది నా స్పార్క్ మీద 1 నిమిషం 58, ఆ కాసేపట్లోనే.

అమ్మే ఆలోచన ఈ సంవత్సరానికి లేదు. బావమరిది మాత్రం "బావా నీ బండి భలే ఉంది, మా ఆవిడ కోసం అలాంటిదే ఒకటి చూస్తా" అంటున్నాడు. సెకండ్ హ్యాండ్ స్పార్క్ కొనేటప్పుడు వేర్ రింగ్ కాకుండా ఇంకేం చూడాలో ఎవరన్నా చెప్తారా?