యాంకిల్ టేపింగ్ ప్రాక్టికల్: బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) పిల్లలకు ఎలా నేర్పుతున్నారు?

తీరం_ఫిజియో
30 మంది బ్యాచ్, 2 గంటల ప్రాక్టికల్. 38 మి.మీ. జింక్ ఆక్సైడ్ టేపు చూస్తుండగానే అయిపోతోంది, కట్టు చూస్తే అన్నీ ముడతలు, సందులు. స్టిరప్‌ల (మడమ కిందుగా పోయి రెండు వైపులా పైకి వచ్చే పట్టీలు) వరకు పర్లేదు, హీల్ లాక్ (మడమను కదలకుండా పట్టే చుట్టు) దగ్గరే అందరూ ఆగిపోతున్నారు. క్లాసు ఎలా విడగొడుతున్నారు?

గోనియో
మొదటి క్లాసులో టేపు ఇవ్వకండి సర్. క్రేప్ బ్యాండేజీ ఇవ్వండి, పది సార్లు విప్పి కట్టినా ఖర్చు లేదు. ముందు స్కిన్ పెన్‌తో దారి గీయించండి: పాదం పైనుంచి బయలుదేరి, మడమ వెనక చుట్టి, మడమ పక్కగా ఏటవాలుగా దిగి, అరికాలి కిందనుంచి రెండో వైపు పైకి రావాలి. దారి కంటికి కనిపిస్తే హీల్ లాక్ గండం గట్టెక్కినట్టే. టేపు మరీ పైకి పోయి మడమ పైన వెనక ఉండే అకిలిస్ స్నాయువు మీద కూర్చుంటే మడమకు పట్టే ఉండదు, పైగా ఒరుసుకుని బొబ్బ లేస్తుంది.

టేపు చింపడం కూడా విడిగా నేర్పాలి. రెండు చేతుల బొటనవేళ్లూ దగ్గరగా పెట్టి, అంచుని బిగువుగా పట్టి ఒక్క లాగుతో చింపాలి. మెలితిప్పితే అంచు మడతపడిపోతుంది, ఇక అది చిరగదు.

మైదానం_మేడమ్
ముడతలకు సగం కారణం పాదం కదలడమే. మడమ బల్ల అంచు బయటికి రావాలి, చీలమండ 90 డిగ్రీల్లో ఉండాలి. రెండో స్టిరప్‌కల్లా పాదం మెల్లగా కిందికి వాలిపోతుంది, వేసేవాళ్లు గమనించరు. వేళ్ల మొదళ్ల కింద తువ్వాలు వేసి, కొసలు పార్ట్‌నర్ చేతికే ఇచ్చి లాగి పట్టుకోమనండి.

పిక్క కండ దిగువన యాంకర్లు (మిగతా పట్టీలు అంటుకోవడానికి ఆధారంగా వేసే చుట్లు) రెండు, పాదం మీద ఒకటి. స్టిరప్‌లు మూడు, ఒకదాని మీద ఒకటి సగం ఎక్కేలా. ఇన్వర్షన్ బెణుకుకైతే (పాదం లోపలికి మడతపడితే వచ్చేది) లోపలి వైపు మొదలుపెట్టి మడమ కిందుగా బయటి వైపుకు పైకి లాగాలి. ఎందుకు అటే అని వైవాలో అడగండి, బట్టీపట్టినవాళ్లు అక్కడే దొరికిపోతారు. పాదం యాంకర్‌ను మాత్రం బిగించనివ్వద్దు. బల్ల మీద హాయిగా ఉన్న కట్టు, నిలబడగానే పాదం వెడల్పై ఐదో మెటాటార్సల్ (చిటికెన వేలి వైపు పాదం ఎముక) దగ్గర కోసుకుపోతుంది. నిలబెట్టి నాలుగడుగులు నడిపించాకే మార్కులు వేయాలి.

తీరం_ఫిజియో
అండర్‌ర్యాప్ (టేపు కింద చర్మం మీద చుట్టే పలుచని పొర) వాడించాలా మేడమ్? మా వైపు చెమటకు ఏదీ నిలవదు.

మైదానం_మేడమ్
ల్యాబ్‌లో తప్పదు, రోజూ చర్మం మీద వేసి పీకితే పిల్లల కాళ్లు పాడవుతాయి. ఒక్క పొర చాలు.

గోనియో
ఇక్కడ నేను ఒప్పుకోను. కబడ్డీ మ్యాట్ మీదికి వెళ్లే ఆటగాడికి యాంకర్లైనా నేరుగా చర్మానికి అంటాలి. రోమాలు గీసి, చెమట పూర్తిగా తుడిచి, బెంజాయిన్ టింక్చర్ రాసి అది జిగటపడ్డాక వేయాలి. అకిలిస్ మీద, పాదం మడత మీద కొద్దిగా వాజిలిన్ పూసిన ప్యాడ్లు. ఇంతచేసినా అరగంట ఆట తర్వాత పట్టు సడలుతుందని పిల్లలకు ముందే చెప్పాలి, లేకపోతే టేపు ఉంటే చాలనుకుంటారు.

ఓస్కీ_బల్ల
చెక్‌లిస్టులో ఇవి లేకుండా పాస్ చేయకండి. జిగురు అలర్జీ ఉందా అని అడగడం. వేసే ముందు, వేశాక కాలి గోరు నొక్కి చూడడం: 2 సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. తిమ్మిరి ఉందా అని అడగడం. అప్పుడే బెణికి, నాలుగడుగులు కూడా వేయలేని కాలు వస్తే టేపు పక్కన పెట్టి, ఒట్టావా నియమాల (ఎక్స్‌రే అవసరమో కాదో తేల్చేవి) ప్రకారం ఎముకలు నొక్కి చూడాలి. చీలమండ ఎముకల వెనక అంచు కింది 6 సెం.మీ., పాదం లోపలి వైపు నావిక్యులర్ ఎముక, ఐదో మెటాటార్సల్ మొదటి భాగం (బేస్). అక్కడ నొప్పి ఉన్నా, అసలు నడవలేకపోయినా ఎక్స్‌రేకే.

విప్పడానికి కూడా మార్కులు పెట్టండి. మొద్దు మొన కత్తెరను చీలమండ ఎముక వెనక పల్లంలోంచి పోనివ్వాలి, తర్వాత చర్మాన్ని నొక్కి పట్టుకుని టేపును దానికి సమాంతరంగా వెనక్కి లాగాలి. మన పిల్లలు దాన్ని నిలువునా పైకి పీకుతారు.