అడ్మిన్ లేని ఊరి వాట్సాప్ గ్రూపు: ఏం చేయాలె?

హాలియా_రైతు:
పొద్దటి నుంచి కూసున్న, ఐతలేదు. మా రైతుల గ్రూపుల 412 మంది ఉన్నరు. వడ్లు కొనే ఐకేపీ సెంటర్ టోకెన్లు, లారీ ఎప్పుడొస్తది, సాగర్ ఎడమ కాలువ నీళ్లు ఎన్నడిడుస్తరు, అన్నీ అండ్లనే. అడ్మిన్ ఒక్కడే, ఆయన లేడు. కొత్త అడ్మిన్లను ఎట్ల పెట్టుకోవాలె? యాప్ తీసేసి మళ్ల ఎక్కించిన, అదే తీరు. ఊరందరి గ్రూపు ఒక్కని చేతుల ఉండుడేంది?

సెల్‌పాయింట్_నకిరేకల్:
లేడంటే? ఎగ్జిట్ అయిండా, నంబర్ మార్చిండా? ఎగ్జిట్ అయితే వాట్సాపే ఎవరో ఒకరిని అడ్మిన్ చేస్తది. సభ్యుల లిస్టు చూడు.

కొల్లాపూర్_వకీలు:
అడ్మిన్ అంటే చాలామందికి భయం, అందుకే ఒక్కరి మీదే వదిలేస్తారు. ఎవరో పెట్టిన పోస్టుకు అడ్మిన్ అయినంత మాత్రాన నేరం అంటదని బాంబే హైకోర్టు నాగపూర్ ధర్మాసనం 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. ఇద్దరూ ముందే కూడబలుక్కుంటే అది వేరు. ఇంకోటి, అడ్మిన్ అంటే ఓనర్ కాదు.

పాలమూరు_ఎం:
గ్రూపు తెరిచినోన్ని వేరే అడ్మిన్లు తీసేయలేరు సార్. మరి ఓనర్ కాకుంటే ఏంది?

కొల్లాపూర్_వకీలు:
అది యాప్ ఇచ్చిన సౌకర్యం, హక్కు కాదు. తాళంచెవి ఎవరి దగ్గరున్నా గ్రూపు 412 మందిదే.

హాలియా_రైతు:
కోర్టు సంగతి తర్వాత సార్. ఆయన బొంబాయి పోయిండు, కొత్త సిమ్ తీసుకున్నడు. పాత నంబరు గ్రూపుల అట్లనే ఉన్నది.

సెల్‌పాయింట్_నకిరేకల్:
ఇది ముందు చెప్పాలె. పాత సిమ్ ఉంటే ఏదన్న ఫోన్ల ఏసి, ఆ నంబరుతోనే వాట్సాప్ తెరువు. ఆరంకెల కోడ్ వస్తది, ఆయనను అడిగినంకనే కొట్టు. టూ స్టెప్ పిన్, అంటే కోడ్ తర్వాత అడిగే ఆయన సొంత రహస్య నంబరు, మర్చిపోయి, ఈమెయిల్ కూడ ఇయ్యకుంటే ఏడు రోజులు ఆగాలె. లోపలికి పోంగనే ముందు ఇద్దరిని అడ్మిన్ చెయ్యి, మిగతాదంతా తర్వాత. సిమ్ పోతే డూప్లికేట్‌కు ఆయనే పోవాలె, ఆయన గుర్తింపు కార్డుతోనే. రీఛార్జ్ లేక నంబరు బందైతే 90 రోజుల దాక వేరేటోళ్లకు ఇయ్యరు, ఆ లోపలనే అడగాలె. వాట్సాప్ 120 రోజులు తెరవకుంటే అకౌంటే పోతది.

పాలమూరు_ఎం:
ఇంత తిప్పలెందుకు? కొత్త గ్రూపు పెట్టి లింకు పాతదాంట్ల ఏయి.

హాలియా_రైతు:
ఎట్ల ఏస్త? అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టాలె అని సెట్ చేసి పోయిండు.

పాలమూరు_ఎం:
గదే అసలు సంగతి, ఇప్పుడు చెప్పవడ్తివి. ఒకే మెసేజ్ ఒక్కొక్కరికి విడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ కూడ పనికిరాదు, 256 మందికే, అదీ నీ నంబరు సేవ్ చేసుకున్నోళ్లకే పోతది. కొత్త గ్రూపు లింకును క్యూఆర్ కోడ్ తీసి, సెంటర్ల తేమ చూసే మిషన్ కాడ అంటియ్యి. వడ్లు తెచ్చిన ప్రతొక్కడు అక్కడ నిలబడాల్సిందే. కొత్తోళ్లు వస్తే అడ్మిన్ ఒప్పుకోవాలె అనే సెట్టింగ్ ఆన్ పెట్టు, లేకుంటే లోన్ యాప్‌లోళ్లు దూరుతరు. ఈసారి వాడకొక అడ్మిన్.

హాలియా_రైతు:
సిమ్ వాళ్ల అమ్మ డబ్బా ఫోన్ల దొరికింది. కోడ్ వచ్చింది. ఇగ పిన్ అడుగుతున్నది, బొంబాయికి ఫోన్ కలుస్తలేదు. థాంక్స్ అన్నా, చూస్త.